కాల్ ఉచితమే, మాటకు స్వేచ్ఛ ఉందా?

(వెంగళరావు నగర్‌లో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు కువైట్ నుంచి కడప జిల్లాకు ఒక మాట చేరాలంటే ఉత్తరమో, ఐ.ఎస్.డి. ఫోనో దిక్కు. నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడేవాళ్ళు. 2003లో స్కైప్, 2015లో వాట్సాప్ కాల్, 2016లో వాట్సాప్ వీడియో కాల్ వచ్చాక ఖర్చు బాధ చాలావరకు తీరింది. ఇప్పుడు మనం అడగవలసిన ప్రశ్న వేరు. ఆ ఫోన్ ఎవరి అదుపులో ఉంది?

ఈ చుట్టుపక్కల బస్తీల నుంచి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్ళకు రోజూ పనికి వెళ్ళే స్త్రీ సాయంత్రానికి తన ఇల్లు చేరుతుంది. పక్కింటామెతోనైనా కష్టం చెప్పుకుంటుంది. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచో, గోదావరి జిల్లాల నుంచో కువైట్ వెళ్ళి ఇంటిపని చేసే స్త్రీకి ఆ వెసులుబాటు లేదు. పనిచేసే ఇల్లే ఆమె నివాసం. ఆమె వీసా యజమానికి ముడిపడి ఉంటుంది. యజమానురాలు ఫోన్ దాచిపెట్టినా, వైఫై పాస్‌వర్డ్ చెప్పకపోయినా, ఉచిత కాల్ ఆమెకు ఎండమావే. వాట్సాప్ సంభాషణను మధ్యలో ఎవరూ వినకుండా 2016 నుంచి ఏర్పాటుంది. కానీ వంటింటి తలుపు దగ్గర నిలబడి వినేవాళ్ళను ఏ యాప్ ఆపగలదు?

దీనికి తోడు ప్రభుత్వాల ఆంక్షలు. ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధాన్ని సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులోగానీ ఎత్తివేయలేదు. యు.ఎ.ఇ.లో అనుమతి పొందిన యాప్‌లకే చోటు.

ఇక మన ఇళ్ళ సంగతి. "పక్కన ఎవరున్నారు? కెమెరా తిప్పి చూపించు" అని భర్త అడిగినప్పుడు వీడియో కాల్ ఆప్యాయత కాదు, నిఘా. డబ్బు పంపేదీ ఆమే, సంజాయిషీ చెప్పేదీ ఆమే. పిల్లల చదువు, అత్తగారి మందులు, చీటీ వాయిదా అన్నీ ఆ కాల్‌లోనే చక్కబెట్టాలి. పగలంతా పరాయి ఇంటి చాకిరీ, రాత్రి ఫోన్‌లో సొంత ఇంటి చాకిరీ. దీన్ని తల్లి ప్రేమ అని పొగిడి వదిలేస్తే ఆ శ్రమ ఎవరి లెక్కలోకీ రాదు.

కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించని పనినీ, వారానికొక సెలవునీ గుర్తించింది. యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడిక ఇంటిపనివారి ఏకాంతాన్ని గౌరవించాలంటుంది. దాన్ని మనదేశం ఇంకా ఆమోదించలేదు. పాస్‌పోర్టు ఆమె దగ్గర ఉండటం హక్కయితే, ఫోన్ ఉండటం కూడా హక్కే. ఫోన్, మాట్లాడుకునే సమయం, చాటు - ఈ మూడూ ఉద్యోగ ఒప్పందంలో రాయించాలని మనం అడగాలి.

అంతవరకు మన సంస్థలు చేయగలిగిన పనులున్నాయి. ఫోన్ లాక్కుంటే అందులోని నంబర్లూ పోతాయి. అందుకే వెళ్ళేముందే రాయబార కార్యాలయం నంబరు, నమ్మకమైన ఒక స్త్రీ నంబరు కంఠతా పట్టించాలి. ఎవరో వింటున్నారని తెలిపే గుర్తుమాట ఒకటి ఇంట్లోవాళ్ళతో అనుకుని వెళ్ళమనాలి. కాల్స్ ఆగిపోతే విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడం కుటుంబానికి నేర్పాలి. ఫోన్ రాలేదంటే ఆమె సుఖంగా ఉందని అనుకోవద్దు. ఎందుకు రాలేదో వెంటనే కనుక్కుందాం.