అడగందే అమ్మైనా పెట్టదు



ఈవేళ నా మాటలు ఇద్దరికి. కొత్తగా యూనివర్శిటీ గడప తొక్కిన అమ్మాయిలకు, వాళ్లను పంపి ఇంటి దగ్గర గడియారం చూసుకుంటూ కూర్చున్న అమ్మలకు. నాన్నగార్లు పక్కనుంటే వాళ్లూ వినొచ్చు, అభ్యంతరం లేదు.

నేను చదివింది పదో తరగతి. మరి యూనివర్శిటీ సంగతి ఈవిడకేం తెలుసని మీరనుకోవచ్చు. అక్కడి పాఠాలు నాకు తెలియని మాట నిజమే. కాని మా వన్ టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర పొద్దున్నే బస్సు కోసం నిలబడే ఆడపిల్లల్ని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. కాలేజీలు తెరిచిన కొత్తలో ఎంతమంది ఉంటారో, సంక్రాంతి వెళ్లాక ఎంతమంది మిగులుతారో చూస్తున్నాను. ఆ తగ్గినవాళ్లంతా ఏమయ్యారు? తెలివితక్కువ వాళ్లా అంటే కాదు. ఇంటర్‌లో తొమ్మిది వందల పైచిలుకు మార్కులు వచ్చి, వీధంతా మిఠాయి పంచిపెట్టిన పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు.

నాకు తోచిన కారణం చెబుతాను. ఇంటర్మీడియట్ రెండేళ్లూ పిల్లను మనం ఎలా ఉంచుతున్నాం? పొద్దున్న ఆరింటికి స్టడీ అవరు, రాత్రి తొమ్మిదింటికి స్టడీ అవరు. వారం వారం పరీక్ష. నోట్సు వాళ్లే ఇస్తారు, ఏది ముఖ్యమో వాళ్లే గీతలు గీసి పెడతారు, రెండు మార్కులు తగ్గితే సాయంత్రానికల్లా ఇంటికి ఫోనొస్తుంది. పిల్ల చేయవలసిందల్లా మింగడమే. అలా రెండేళ్లు పెంచిన పిల్లను తీసుకెళ్లి వాల్తేరు మెట్ట మీద నాలుగు వందల ఎకరాల ఆవరణలో వదిలిపెడతాం. ఇన్ గేటు ఏదో, అవుట్ గేటు ఏదో తెలియడానికే వారం పడుతుంది. మాస్టారు పాఠం చెప్పి వెళ్లిపోతారు. రాలేదేమని అడిగేవాళ్లు లేరు, అర్థమయిందా అని గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు లేరు. మొదటి నెల పిల్లకు ఇది స్వర్గంలాగే ఉంటుంది. అమ్మయ్య, ఎవరూ తిట్టడం లేదనుకుంటుంది. రెండో నెల చివర పరీక్ష వస్తుంది.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. పేరెందుకు లెండి. తండ్రి పోర్టులో పని చేస్తాడు, తల్లి కురుపాం మార్కెట్‌లో పూలు అమ్ముతుంది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఈ పిల్లే. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగులో సీటొచ్చింది. మొదటి పరీక్షలో ఒక సబ్జెక్టులో ఇరవై అయిదుకి ఆరు మార్కులు వచ్చాయి. ఇంట్లో చెప్పలేదు. ఆ తర్వాత పది రోజులు సంచీ తగిలించుకుని, టిఫిను డబ్బా పట్టుకుని బస్సెక్కి వెళ్లడం, క్లాసుకు పోకుండా ఓ చెట్టు కింద కూర్చుని సాయంత్రం ఇంటికి రావడం. తల్లికి అనుమానం లేదు, పిల్ల వేళకు వస్తోంది కదా మరి.

ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని మల్లెపూలు కడుతూ అదే బయటపడింది. “క్లాసులో అందరూ తలకాయలు ఊపుతారు పిన్నిగారూ. నానూ ఊపుతాను. నాకేటీ తెలీదు” అంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, చేతులు మాత్రం పూలు కడుతూనే ఉన్నాయి. మరి మాస్టార్ని అడగలేకపోయావా అన్నాను. “అందరూ నవ్వుతారండి” అంది.

అక్కడే ఉంది అసలు చిక్కంతా. మన ఆడపిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ మనం నేర్పే విద్య ఒకటుంది. ‘సర్దుకుపోవడం’ అని దానికి పేరు. కూర చాలకపోతే సర్దుకుపో. తమ్ముడు కొడితే సర్దుకుపో. రేపు అత్తవారింట్లో ఎలాగూ సర్దుకుపోవాలి కదా అని ఇప్పట్నుంచే సాధన. విప్పి చూస్తే ఆ మాటకు మన ఇళ్లల్లో అర్థం నోరు మూసుకో అనే. యూనివర్శిటీకి వెళ్లే రోజున కూడా గుమ్మంలో నిలబడి అదే చెప్పి పంపుతాం: “అక్కడంతా కొత్త, సర్దుకుపోమ్మా” అని. పిల్ల మన మాట తు.చ. తప్పకుండా వింటుంది. అర్థం కాని పాఠంతో సర్దుకుపోతుంది. స్కాలర్‌షిప్పు ఎందుకు రాలేదో ఆఫీసులో అడక్కుండా సర్దుకుపోతుంది. ఆఖరికి చదువు లేకుండానే సర్దుకుపోతుంది. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత మనదే కదా, దాన్ని పిల్లలకు చెప్పడమే మానేశాం.

ఆ అమ్మాయితో నేనన్నది ఇంతే. రేపు వెళ్లి మాస్టార్ని అడుగు. అయితే ‘నాకేమీ అర్థం కాలేదండీ’ అనకు, అలా అంటే ఆయనకు మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో ఎలా తెలుస్తుంది? రాత్రి పుస్తకం ముందు వేసుకుని, ఏ పేజీలో ఏ వాక్యం దగ్గర బండి ఆగిపోయిందో పెన్సిలుతో గీత పెట్టుకో. ఆ గీత చూపించి అడుగు. మొదటి రోజు వెళ్లింది. ఆయన ఏదో మీటింగుకు పోతూ రేపు రమ్మన్నారు. పిల్ల చిన్నబుచ్చుకుని ఇక వెళ్లనంది. మళ్లీ పంపాం. రెండో రోజు ఆయన గదిలో లేరు. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ దొరికారు. పావుగంట కూర్చోబెట్టి చెప్పారట. ఆ గది గుమ్మం దగ్గర ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారట, క్లాసులో తలలూపే వాళ్లే! ఇప్పుడు ఆ నలుగురూ కలిసి చదువుకుంటారు. రెండో పరీక్షలో పదిహేను వచ్చాయి. లెక్కల పేపరు ఒకటి తప్పింది, మళ్లీ రాసి గట్టెక్కింది. ప్రస్తుతం మూడో ఏడు. క్లాసులో మొదటిది కాదు, అవ్వాలని కూడా నాకు లేదు.

ఇంగ్లీషు భయం సంగతి కూడా చెప్పుకోవాలి. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ చదువులు ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఊళ్లల్లో తెలుగులో చదివి వచ్చిన పిల్లకు ఒక్కసారిగా పాఠమూ కొత్తే, భాషా కొత్తే. ఇంగ్లీషు రాకపోవడాన్ని తెలివి లేకపోవడమని పిల్ల పొరబడుతుంది. ఈ రెంటినీ విడదీయాలి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ పాఠ్యపుస్తకాలు చాలా వేసింది. లైబ్రరీల్లోను, పాత పుస్తకాల కొట్లలోను ఇప్పటికీ కనిపిస్తాయి. ముందు అందులో విషయం చదువుకుని, తర్వాత ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే మాటలు మాత్రమే నేర్చుకోవలసి వస్తుంది. రోజుకు పది మాటలు. ఒక పక్క ఇంగ్లీషు మాట, పక్కన తెలుగులో దాని అర్థం ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. పాఠం విన్నరోజు రాత్రే, నోట్సు చూడకుండా గుర్తున్నంత మటుకు సొంత మాటల్లో అర పేజీ రాయాలి. తప్పులుంటే ఉండనీండి. పదిసార్లు చదివినదానికన్నా ఒకసారి గుర్తు తెచ్చుకుని రాసింది ఎక్కువ నిలుస్తుంది. ఇది వంట నేర్చుకున్న మనందరికీ తెలిసిందే. పుస్తకం చూస్తూ చేసినన్నాళ్లు పులిహోర మనకు వచ్చినట్టు కాదు. ఇంకో మాట. ఇంగ్లీషు మీడియం కోర్సుల్లో కూడా పరీక్షలు స్థానిక భాషలో రాసే వీలు కల్పించమని 2023 ఏప్రిల్‌లో యు.జి.సి. విశ్వవిద్యాలయాలను కోరింది. మీ కోర్సులో ఆ వీలుందో లేదో అడిగి తెలుసుకోండి. మళ్లీ అడగడం దగ్గరికే వచ్చాం, చూశారా?

కొత్త చోట తడబడటం ఏమంత తలవంపులు కాదు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే 1926లో బెజవాడలో పుట్టి, 1930లో మన వాల్తేరుకు వచ్చింది. 1942లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాక యుద్ధం పూర్తయ్యేదాకా గుంటూరులో తలదాచుకుని, మళ్లీ వచ్చి ఇక్కడ కుదురుకుంది. అంతటి సంస్థకే రెండు మూడు చోట్ల సర్దుళ్లు తప్పలేదు.

ఇక అమ్మలతో రెండు మాటలు.

సి.ఆర్.రావుగారి పేరు వినే ఉంటారు. సంఖ్యాశాస్త్రంలో ప్రపంచమంతా చెప్పుకునే కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. ఇంట్లో ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారట. మన ఎ.వి.ఎన్. కాలేజీలో ఇంటర్మీడియట్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చదివారు. చదువయ్యాక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే, వెళ్లిన ఉద్యోగం రాలేదు. బసలో పరిచయమైన ఒకాయన సంఖ్యాశాస్త్రంలో శిక్షణ కోసం వచ్చానని చెబితే, ఆ సంస్థ ఏమిటో చూద్దామని కూడా వెళ్లి, తనను చేర్చుకోమని అడిగారు. 1941 జనవరిలో చేరారు. తర్వాతిదంతా చరిత్ర. 2023లో నూటరెండేళ్ల వయసులో అంతర్జాతీయ బహుమానం అందుకుని, ఆ ఏడాదే ఆగస్టులో కన్నుమూశారు. 1989లో వచ్చిన ఒక పుస్తకాన్ని ఆయన తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితమిచ్చారు. చిన్నతనంలో ఆవిడ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి దీపం వెలిగించి ఇచ్చేవారని అందులో తలచుకున్నారు.

పదిమంది పిల్లల తల్లి ఆవిడ. పాఠం చెప్పలేదు, దీపం పెట్టింది. మనకిప్పుడు దీపం పెట్టే పని లేదు, స్విచ్చి వేస్తే చాలు. మనం పెట్టగలిగినది వేళ. మా వన్ టౌన్ ఇళ్లు మీకు తెలుసుగా. రెండు గదులు, అయిదుగురు మనుషులు, పక్కింటి టీవీ మనింట్లోకి వినిపిస్తుంది. కుళాయి వచ్చే వేళకు బిందెలు పట్టేది ఆడపిల్లే, చుట్టాలొస్తే టీ పెట్టేదీ ఆడపిల్లే. తమ్ముడు చదువుకుంటుంటే మాత్రం ఇల్లంతా గుసగుసలాడుతుంది. ఎందుకండీ ఆ తేడా? రోజుకు రెండు గంటలు, ఏ వేళయినా సరే, ఆ రెండు గంటలు పిల్లను పేరు పెట్టి పిలవకూడదని ఇంట్లో నియమం పెట్టండి. ఆ రెండు గంటల్లో ఫోను మీ కొంగున ఉండాలి, పిల్ల చేతిలో కాదు. పరీక్ష తేదీలు తెలియగానే గోడ మీద కాలెండర్లో రాయండి, ఏకాదశి పక్కన, పౌర్ణమి పక్కన. కొన్నిళ్లల్లో సరిగ్గా పరీక్షల వారంలోనే పెళ్లిచూపులు పెట్టుకుంటారు. మంచి సంబంధమైతే పది రోజులు ఆగుతుంది. ఆగని సంబంధం గురించి నేను చెప్పనక్కర లేదు.

క్లాసులు మానిపించకండి. చాలా కోర్సుల్లో డెబ్బై అయిదు శాతం హాజరు ఉంటేగాని పరీక్షకు కూర్చోనివ్వరు. నాలుగు పెళ్లిళ్లు, రెండు నోములు, ఒక గృహప్రవేశం అయ్యేసరికి ఆ శాతం కరిగిపోతుంది. బస్సు డబ్బుల బెంగ ఇప్పుడు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితమే, ఆధార్ కార్డు చూపిస్తే చాలు.

సర్దుకుపొమ్మని ఎంతమాత్రం చెప్పకూడని సంగతి ఒకటుంది. ర్యాగింగు. సీనియర్లు ఏడిపించారని పిల్ల చెబితే, “అందరికీ ఉండేదే, నాలుగు రోజులు ఓర్చుకో” అనే తల్లులున్నారు. మన రాష్ట్రంలో దాన్ని నేరంగా చూసే చట్టం 1997లోనే వచ్చింది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాక యు.జి.సి. దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. ఇరవై నాలుగు గంటలూ పలికే ఉచిత ఫోను నంబరు 1800-180-5522. ఇప్పుడే రాసుకోండి. పిల్ల పుస్తకంలో ఒకచోట, వంటింటి గోడ మీద ఒకచోట. పిల్ల తిండి మానేసినా, ఊరికే తలనొప్పి అంటున్నా, కాలేజీ మాటెత్తితే పక్కకు తిరిగి పడుకున్నా, ముందు తిట్టకుండా అడగండి. మా వీధి అమ్మాయి తల్లి పది రోజుల తర్వాతగాని తెలుసుకోలేకపోయింది. పాపం ఆవిడ తెల్లవారకుండానే మార్కెట్‌కు పోయే మనిషి.

మొన్న ఒకావిడ నన్నడిగారు: మార్గశిర మాసం వస్తోంది కదా, నాలుగు గురువారాలూ పిల్లను బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి తీసుకెళ్లాలి, ఆ నెలలోనే సెమిస్టరు పరీక్షలంటున్నారు, ఏం చేయమంటారు అని. ఆ గుడి క్యూ సంగతి మీకు తెలియనిది కాదు, తెల్లవారుజామున నిలబడితే ఎండెక్కేదాకా కదలదు. పిల్లను పుస్తకం ముందు కూర్చోబెట్టి మీరు వెళ్లి దణ్ణం పెట్టుకురండి అన్నాను. ఆ తల్లి గర్భగుడికి పైకప్పు లేదు, ఎవరైనా వెళ్లి స్వయంగా పసుపు కుంకుమలు పెట్టుకోవచ్చు, మడి అని ఎవర్నీ దూరం పెట్టదు. పరీక్ష ఉందని రాని పిల్ల మీద ఆవిడకు కోపమొస్తుందా? ఆవిడ నవ్వేసి, అయితే ప్రసాదం తెచ్చి పెడతాను లెండి అని వెళ్లిపోయారు.