తిప్పిన రాయి

జంతుశాస్త్రంలో పట్టాలు అందుకున్న మీకూ, ఇవాళ మీకంటే ఎక్కువగా మురిసిపోతున్న మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

ముప్పై ఏళ్లుగా నేను రాతిగుట్టల మీద పురుగుల్ని లెక్కపెడుతున్నాను. తెలంగాణ నుంచి రాయలసీమ దాకా కనిపించే ఈ గ్రానైట్ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కాగితాల్లో ఇవి బంజరు, క్వారీకి కంకర. ఒక్క రాయి లేపి చూసినవాళ్లకు తెలుసు, దాని కింద ఎంత సంసారం ఉంటుందో: తేలు, జెర్రి, రోకలిబండ, సాలీడు, చీమల బారు.

నేల మీద తిరిగే పురుగుల లెక్కకు మామూలుగా ప్లాస్టిక్ గ్లాసు పాతిపెడతాం. దాని అంచు నేలతో సమంగా ఉండాలి. కాస్త పైకి లేచినా చీమ పక్కనుంచి తప్పుకుపోతుంది. బండ మీద ఎక్కడ పాతుతాం? నెర్రెల్లో చేరిన బెత్తెడు మట్టిలో. మిగతా చోట ఇంత చదరం, ఇంతసేపు అని గీసుకుని చేత్తో వెతుకుతాం. రాత్రిపూట అతినీలలోహిత టార్చి వేస్తే తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. గ్లాసులో పురుగులు ఎక్కువ పడ్డాయంటే అవి అక్కడ ఎక్కువ ఉన్నాయని కాదు, ఎక్కువ తిరిగాయని. మాటు వేసి కూర్చునే సాలీడు ఆ లెక్కకు అందదు. తొలకరికి ఆరుద్ర పురుగులు మఖమల్ ముద్దల్లా బయటికొచ్చే ఆ కొద్ది రోజుల్లో గుట్టెక్కకపోతే, మీ జాబితాలో వాటికి చోటే ఉండదు.

ఏమీ దొరకని చోట సున్నా వేయండి. గడి ఖాళీగా వదిలితే, వెతికారో లేదో తర్వాత వచ్చేవాళ్లకు తెలియదు.

నేను చదువుకునే రోజుల్లో చేసిన తప్పొకటి చెబుతాను. ఒక గుట్ట మీద ఎన్ని రాళ్లు లేపానో రాసుకున్నాను గానీ, ఒక్కటీ సరిగా తిరిగి పెట్టలేదు. పది రోజుల తర్వాత వెళితే కింది మట్టి ఎండి పొడిపొడిగా ఉంది. వీపు మీద తెల్లటి పిల్లల్ని మోస్తున్న తల్లి తేలును చూసిన చోట కూడా ఏమీ లేదు. పుస్తకంలో సున్నా వేశాను. ఆ సున్నాకు కారణం నేనే.

అందుకే అడుగుతున్నాను. రాయిని అవతలి అంచు పట్టుకుని మీ వైపుకు లేపండి, లోపల ఏమున్నా అవతలికి పోతుంది. చూశాక అదే గుర్తు మీద, అదే ముఖం కిందికి పెట్టి దించండి. తేలు ఉంటే ముందు దాన్ని పొడవాటి పట్టకారుతో పక్కకు తీసి, రాయి దించాకే అంచు దగ్గర వదలండి. దారి వెతుక్కుని అదే లోపలికి వెళ్లిపోతుంది.