నేయి, నూనె - అండాశయ వ్యాధి



నేను వైద్యుడను కాను. చిరకాలము బడిలో పాఠములు చెప్పి విశ్రమించినవాడను. అయినను మా యింట జరిగిన దానిని మీకు విన్నవింపవలసియున్నది.

మా అక్కగారు కడుపు ఉబ్బుచున్నదనియు, నాలుగు మెతుకులు తినగనే నిండినట్లుండుననియు కొన్ని నెలలపాటు చెప్పుచు వచ్చిరి. అది అజీర్ణమని తలచి, నేయి తగ్గింపుమని మేమందరము హితవు చెప్పి, వాము కషాయమిచ్చితిమి. తుదకు పట్టణమున వైద్యులు పరీక్షించి, అండాశయమున క్యాన్సరు పుట్టి కడుపంతయు వ్యాపించినదనిరి. మన పూర్వులు రాచపుండనిన జాతి వ్యాధియే యిది. మంచముపైనుండి ఆమె, "తమ్ముడూ, నేను తిన్న నెయ్యే నన్నింత చేసిందంటావురా?" అని యడిగిరి. నాడు నాకు బదులు తోచలేదు. తరువాత తెలిసికొన్నది నేడు చెప్పుచున్నాను.

గర్భాశయమున కిరువైపుల బాదముపప్పంత ప్రమాణమున నుండునవి అండాశయములు. ఆహారమునందలి క్రొవ్వునకును, వీని క్యాన్సరునకును సంబంధము గలదా యని విద్వాంసులు బహుకాలము విచారించిరి. అమెరికా దేశమున 1993లో ఆరంభమైన యొక పరిశోధనయందు, ముట్లుడిగిన 48,835 మంది స్త్రీలు చేరిరి. వారి వయస్సు 50 మొదలు 79 ఏండ్లు. చీట్లు వేసినట్లు వారిని రెండు జట్లు చేసిరి. 19,541 మంది క్రొవ్వు తగ్గించి, కూరగాయలు, పండ్లు, ధాన్యములు హెచ్చుగా తినవలెను. తక్కినవారు వాడుక భోజనమే చేయవలెను. ఆహారమువలన గలుగు శక్తిలో నూటికి 20 పాళ్లే క్రొవ్వునుండి రావలెనని నియమము. సగటున ఆ జట్టువారు క్రొవ్వును తగ్గించిరి గాని యా హద్దును చేరలేకపోయిరి.

ఫలితము 2007లో వెలువడెను. మొదటి 4 ఏండ్లలో చెప్పదగిన భేదము లేదు. తరువాతి 4 ఏండ్లలో, ఏటికి పదివేలమందిని లెక్కించినచో, వాడుక భోజనమువారిలో ఆరుగురికి పైగాను, క్రొవ్వు తగ్గించినవారిలో సుమారు నలుగురికిని ఈ వ్యాధి కలిగెను. మొత్తము కాలమును కలిపి చూచినప్పుడు మాత్రము భేదము నిశ్చయముగా తేలలేదు. స్త్రీల భోజనమును వ్రాసికొని ఏండ్లతరబడి గమనించిన యితర పరిశోధనలలో పెక్కింట స్పష్టమైన సంబంధము కానరాలేదు. కావున క్రొవ్వు మితముగా తినుట కొంత మేలు చేయవచ్చునని మాత్రమే చెప్పదగును. వయస్సు మీరుట, తల్లికిగాని తోబుట్టువునకుగాని ఈ వ్యాధి వచ్చియుండుట ఇంతకంటె రూఢియైన కారణములు.

బాధ లేనివారియందు దీనిని ముందుగా కనిపెట్టి మరణములను తగ్గింపగల పరీక్ష యేదియు స్థిరపడలేదు. ఇంగ్లండు మొదలగు ప్రాంతములలో రెండు లక్షలకు పైగా స్త్రీలపై జరిపిన పరిశోధన 2021లో ఈ సంగతినే తేల్చెను. అందువలన ఇంటిలోని స్త్రీలు చెప్పు మాటయే మనకు మొదటి గుర్తు. కడుపుబ్బరము, పొత్తికడుపు నొప్పి, త్వరగా కడుపు నిండుట, మాటిమాటికి మూత్రము వచ్చుట - ఇవి క్రొత్తగా మొదలై, రెండు మూడు వారములు దాదాపు ప్రతిదినము నున్నచో, కషాయములతో కాలము గడపక స్త్రీల వైద్యురాలికి చూపింపుడు. అవి చాలమారులు స్వల్పవ్యాధులే యగును. అయినను చూపించుకొనుటవలన నష్టము లేదు.

అక్కగారు నేడు లేరు. ఉన్నచో ఇట్లు చెప్పియుందును: "అక్కా, నీ విస్తరిలోని నేయే కారణమని యెవ్వరును చెప్పజాలరు. నీవు చెప్పినప్పుడు వినకపోవుట మాత్రము మా తప్పు."

పెద్దలారా, ఆ తప్పు మీ యిండ్లలో జరుగకుండుగాక! సెలవు.