ఊళ్లో మన పిల్లల్ని చూసేవాళ్లకు ఇచ్చే ట్రైనింగ్ – మనకూ పనికొచ్చే మూడు మాటలు

(శుక్రవారం మీటింగ్‌లో చేసిన ప్రసంగం)



మనం ఇక్కడ, పిల్లలు ఊళ్లో. నెలనెలా పైసలు పంపుతున్నాం. కానీ పిల్లగాడు పది రోజుల నుంచి బడికి పోతలేడంటే ముందు ఎవరికి తెలుస్తది? బడి సారుకు. చిన్నపిల్ల బరువు తగ్గితే అంగన్‌వాడీ టీచర్‌కు, ఆశా వర్కర్‌కు. మనకు అందరికంటే చివర్న తెలుస్తది.

కష్టంలో ఉన్న పిల్లలతో ఎట్లా మాట్లాడాలో నేర్పే ట్రైనింగ్‌లు ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 'సంవాద్' అనే విభాగం పిల్లల రక్షణ సిబ్బందికి ఇదే నేర్పుతది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన పుస్తకంలో దీన్ని మూడు మాటల్లో చెప్పారు: చూడు, విను, కలుపు.

చూడు అంటే – పిల్ల తింటున్నదా, నిద్ర పోతున్నదా, ఉన్నట్టుండి మాట తగ్గించిందా అని గమనించడం.

విను అంటే – బలవంతంగా అడగకుండా, చెప్పినంత వినడం. పదిమంది ముందు అదే మాట మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. "నువ్వెందుకు పోయినవ్ అక్కడికి?" అనొద్దు. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు కూడా పెట్టొద్దు. ఎందుకంటే పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాల్సిందేనని 2012 పోక్సో చట్టం అంటది. నిలబెట్టుకోలేని ఒట్టు పెడితే పిల్ల మళ్లీ నోరు విప్పదు. "నీకు సాయం చేసేవాళ్లకే చెప్తా" అనండి, చాలు.

కలుపు అంటే – సాయం ఉన్న చోటికి చేర్చడం. ఇండియాలో 1098కు పగలూ రాత్రీ ఫ్రీగా ఫోన్ చేయొచ్చు. మీకు అనుమానం వస్తే ఊళ్లో నమ్మకమైన మనిషితో చేయించండి. రక్షణ అవసరమైన పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలని చట్టంలో ఉంది. ఆ పిల్ల పేరు, ఫొటో మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టొద్దు. అది నేరం.

ఇంకో మాట. మనోళ్లు ఎవరైనా ఇక్కడ చనిపోతే, ఊళ్లో ముందుగా ఆగేది పిల్లల చదువు. 'మిషన్ వాత్సల్య' కింద, భర్త చనిపోయిన తల్లి దగ్గర పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఈ సంగతి తెలియకనే ఆడపిల్లకు పదహారేళ్లకే పెళ్లి చేసే ఇళ్లు ఉన్నాయి.

అయితే ట్రైనింగ్ తీసుకున్న మనిషికి కూడా ఇంటి సంగతి తెలిస్తేనే కదా సాయం చేసేది? "పరువు పోతది" అని దాచొద్దు. నాన్న గల్ఫ్‌లో ఉన్నాడని, పిల్లను ఎవరు చూస్తున్నారో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో టీచర్‌కు చెప్పించండి.

ఇక మన వంతు. వీడియో కాల్ చేయగానే "మార్కులెన్ని?" అని అడుగుతాం. అప్పుడు పిల్ల "బాగున్నా నాన్నా" అని ఫోన్ నాయనమ్మకు ఇచ్చేస్తది. ఈసారి "ఇయ్యాల ఏం తిన్నవ్? ఎవరితో ఆడినవ్?" అని అడిగి, కాసేపు ఊరుకోండి. వాళ్లే చెప్తారు.

ఈ మెసేజ్ ఇంటికి కూడా పంపండి. చదవడం రానివాళ్లకు వాయిస్‌లో చెప్పండి. సెలవు.