సగటు చాటున దాక్కోవద్దు



పండగ పూట చావుల మాట ఎత్తుతున్నందుకు పెద్దలు ఏమీ అనుకోవద్దు. మనవాళ్ళు ఇంతమంది ఒకచోట చేరేది ఇక్కడే కాబట్టి ఇక్కడే చెప్పాలి.

అమెరికాలో మితిమీరిన తాగుడు వల్ల 2016–17లో ఏడాదికి సగటున 1,38,000 మంది పోయారు. 2020–21 నాటికి అది 1,78,000కు చేరింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ఇది. చనిపోయేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. కానీ వాళ్ళలో పెరుగుదల 27 శాతమైతే ఆడవాళ్ళలో 35 శాతం. కోవిడ్ మొదటి ఏడాది అందరికన్నా వేగంగా పెరిగింది 25–44 ఏళ్ళవాళ్ళలో. ఇంటి అప్పు, బడికెళ్ళే పిల్లలు ఉన్న వయసది. తర్వాత ఈ మరణాలు కాస్త తగ్గినా, 2023లో కూడా 2019 నాటి స్థాయికి దిగిరాలేదు.

ఈ మరణాల రేటు ఇక్కడి ఆదివాసుల్లో అందరికంటే ఎక్కువ, ఆసియన్లలో అందరికంటే తక్కువ. ఈ రెండో మాట వినగానే మనవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. నాకు భయం అక్కడే. ఆ 'ఆసియన్' గడిలో చైనా, కొరియా, ఫిలిప్పీన్స్, భారత్ అన్నీ కలిసే ఉన్నాయి. ఆ సగటు మీ ఇంట్లో మనిషికి పూచీ పడదు.

శనివారం రాత్రి బేస్‌మెంట్‌లో 'రెండే పెగ్గులు' అంటాం. డాక్టర్ల లెక్కలో ఒక డ్రింకంటే విస్కీ 44 మిల్లీలీటర్లే. సీసా వంచి పోసుకున్నది ఒకసారి కొలిచి చూడండి. డాక్టరు అడిగితే 'ఎప్పుడో పార్టీల్లో' అని తప్పించుకుంటాం. కాలేయం మొదట్లో నొప్పి అనదు. కళ్ళు పచ్చబడి, కాళ్ళు వాచి, పొట్టలో నీరు చేరేసరికి జబ్బు చాలా ముదిరి ఉంటుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఇంటి ఏడుపును వీధిలోకి తెచ్చి సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. చదువూ సంపాదనా ఉన్న మనం మాత్రం పరువు పోతుందని తలుపులు వేసుకుంటున్నాం.

అక్కలారా, అన్నలారా, రోజూ బాగా తాగే మనిషిని ఉన్నపళంగా మానేయమని ఒత్తిడి చేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్ళండి. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ వంటి మాత్రలున్నాయి. అమెరికా ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1-800-662-4357కు పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు. ఉచితం, పేరు బయటపడదు. ఈ నంబరును మన పండగ సావనీరు వెనక అట్ట మీద పెద్దక్షరాల్లో వేయమని సంఘం పెద్దలను కోరుతున్నాను.