సూది వెనుక సంతకం: టీకాల విషయంలో ప్రభుత్వ బాధ్యత

(బూర్గంపాడులో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచమంతటా సాగుతున్న టీకా కార్యక్రమాలకు ప్రభుత్వాలు ఏ విధంగా అండగా నిలవాలన్నది నేటి విషయం. ఇటువంటి విషయం ఢిల్లీలోనో జెనీవాలోనో మాట్లాడుకోవలసినదనీ, గోదావరి ఒడ్డున ఉన్న మన బూర్గంపాడుకు దానితో పని లేదనీ కొందరికి తోచవచ్చును. కానీ ఈ ప్రశ్న 2009లోనే మన ఏటికి ఆవలి గట్టున ఉన్న భద్రాచలం వచ్చి, హాస్టలు పిల్లల చేతులను తాకి వెళ్లినది. అందువలన దీని గురించి మాట్లాడే హక్కు మనకు ఇతరులకన్నా ఎక్కువే ఉన్నదని మేము భావిస్తున్నాము.

మొదట టీకా మనకు చేసిన మేలును చెప్పుకొనుట న్యాయం. మశూచికి, తట్టుకు గల భేదాన్ని వెయ్యేళ్ల క్రితమే అల్ రాజీ అనే ముస్లిం వైద్యుడు గ్రంథస్థం చేశాడు. మశూచి పుండు రసాన్ని ఆరోగ్యవంతులకు అంటించి రక్షణ కల్పించే పద్ధతి ఉస్మానియా తురుష్కుల రాజ్యం నుండి 18వ శతాబ్దంలో ఇంగ్లండుకు చేరినది. ఆ శతాబ్దం చివర జెన్నర్ టీకా వచ్చినది. అయినప్పటికీ మశూచి అంతరించడానికి మరో 180 ఏళ్లు పట్టినది. మందు ఒకచోట ఉండి రోగి మరొకచోట ఉండటమే అందుకు ముఖ్య కారణం. ఆ దూరాన్ని తగ్గించగలిగినవి ప్రభుత్వాలే. పరస్పరం శత్రువులైన అమెరికా, సోవియట్ యూనియన్ 1967 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఒకే పనికి చేతులు కలిపినవి. 1980 నాటికి ప్రపంచం మశూచి నుండి విముక్తమైనది.

ఇటువంటి ఉదాహరణ మన హైదరాబాదులోనూ ఉన్నది. 1990లలో హెపటైటిస్ బి టీకా విదేశాల నుండి రావలసి ఉండేది. దాని ధర సామాన్యునికి అందేది కాదు. వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించినప్పుడు, ఆ ప్రయత్నాన్ని నమ్మి పెట్టుబడి పెట్టినవారిలో ఒమాన్ దేశపు విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ ఒకరు. కేంద్ర ప్రభుత్వ సాంకేతిక అభివృద్ధి మండలి కూడా ఋణసాయం చేసినది. 1997లో టీకా వెలువడి, ధర అనేక రెట్లు తగ్గినది. ఇప్పుడు ప్రపంచంలోని పిల్లలకు వేసే టీకాలలో పెద్ద భాగం మన దేశంలోనే తయారవుతున్నది. పేద దేశాలకు టీకాలు సమకూర్చే గావీ కూటమికి 2021-25 కాలానికి కోటీ యాభై లక్షల డాలర్లు ఇస్తామని మన ప్రభుత్వం 2020లో వాగ్దానం చేసినది. మరోవైపు అమెరికా ప్రభుత్వం 2025 జూన్‌లో అదే కూటమికి నిధులు ఆపివేస్తున్నట్లు ప్రకటించినది. ధనిక రాజ్యం చేయి వెనుకకు తీసుకున్నప్పుడు నష్టపోయేది ఆఫ్రికా, ఆసియా పేద తల్లుల బిడ్డలే.

అయితే డబ్బు, మందు ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరిపోతుందా? ఈ ప్రశ్నకు మన జిల్లా అనుభవమే సమాధానం చెప్తున్నది.

2009 జూలైలో నాటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నిరోధక టీకా వేయడం మొదలైనది. దానిని హెచ్.పి.వి. టీకా అంటారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఈ పని చేపట్టినవి. గేట్స్ ఫౌండేషన్ నిధులు సమకూర్చినది. టీకా తయారీ సంస్థ మందును ఉచితంగా ఇచ్చినది. సుమారు 14 వేల మంది బాలికలకు టీకా పడినది. వారిలో ఎక్కువ మంది ఆదివాసీ, దళిత, వెనుకబడిన వర్గాల పిల్లలు. ఎందరో ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో తల్లిదండ్రులకు దూరంగా ఉంటున్నవారు.

తరువాత కొందరు బాలికలు మరణించారన్న వార్త వచ్చినది. సమా అనే మహిళా ఆరోగ్య సంస్థ సభ్యులు 2010లో భద్రాచలం ప్రాంతానికి వచ్చి కుటుంబాలతో మాట్లాడారు. ఆందోళన పెరిగి, 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసినది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఈ మాట స్పష్టంగా చెప్పడం మన ధర్మం. కానీ టీకా వేసిన తీరు మాత్రం విచారణలో నిలవలేదు.

2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికను సభ ముందుంచినది. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాలపై హాస్టలు వార్డెన్లే సంతకం చేసినట్లు, 1,948 పత్రాలపై వేలిముద్రలు మాత్రమే ఉన్నట్లు అందులో నమోదైనది. రెండూ కలిపితే దాదాపు సగం. టీకా వలన కలిగే దుష్ఫలితాలను కనిపెట్టి నమోదు చేసే గట్టి ఏర్పాటు లేదని కూడా తేలినది. టీకా కార్డులపై జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు ఉండటంతో, ఇది పరిశోధన అనే సంగతి మరుగున పడి, మామూలు సర్కారు టీకాగానే జనానికి కనిపించినది.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితం గడిపినవారము. కాగితం మాట మాకు బాగా తెలుసు. సంతకం ఉంటే ఫైలు కదులుతుంది, లేకుంటే ఆగుతుంది. అందుకే కార్యాలయంలో అందరి చూపూ సంతకం గడి మీదే ఉంటుంది. ఎవరు చేశారు, చదివి చేశారా, చేసే అధికారం ఉన్నదా అని అడిగేవారు తక్కువ. ఆ 2,763 పత్రాలు కూడా ఫైలులో నిండుగానే కనిపించి ఉంటాయి. కానీ తండ్రి రాసి ఇచ్చిన అధికారం లేనిదే వార్డెను సంతకం తండ్రి సంతకం కాజాలదు. చదివి వినిపించిన సాక్షి లేనిదే వేలిముద్ర సమ్మతి కాజాలదు.

మరి ఇది ఆదివాసీ సోదరుల కథ కదా, మన సమావేశంలో దీనికి చోటెందుకని అడగవచ్చును. 2016 నుండి మన రాష్ట్రంలో మైనారిటీ గురుకులాలు నడుస్తున్నవి. మన ఆడపిల్లలు వాటిలో చదువుకొని పైకి వస్తున్నందుకు సంతోషిస్తున్నాము. అయితే ఆశ్రమ పాఠశాలలోని కోయ బాలికకు, గురుకులంలోని మన బాలికకు ఒక పోలిక ఉన్నది. ఇద్దరి తల్లిదండ్రులూ దూరంగానే ఉంటారు. ఇద్దరి తరఫునా సంతకం చేయడానికి ఎవరో ఒకరు సిద్ధంగానే ఉంటారు. వారికి జరిగినది రేపు మనకు జరగకూడదంటే, వారి కోసం ఈరోజు మనం మాట్లాడవలసినదే.

నమ్మకం చెడితే జరిగే నష్టం ఎంతటిదో ప్రపంచం చూసినది. నైజీరియాలోని కానో నగరంలో 1996లో మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వ్యాధి ప్రబలినప్పుడు ఫైజర్ సంస్థ పిల్లలపై కొత్త మందును పరీక్షించినది. ఆ గాయం మానలేదు. 2003లో కానో రాష్ట్రం పోలియో చుక్కలను నిలిపివేసినది. వ్యాధి తిరిగి పొరుగు దేశాలకు పాకినది. చివరకు ముస్లిం దేశమైన ఇండోనేషియా నుండి టీకా తెప్పించిన తరువాతనే 2004లో అక్కడ చుక్కలు మళ్లీ మొదలైనవి. 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాదెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచారి సంస్థ హెపటైటిస్ టీకా పేరుతో నాటకం ఆడించినది. దాని తరువాత టీకాలు వేసే అమాయక కార్యకర్తలపై అనుమానాలు, దాడులు పెరిగినవి. ఇకపై టీకా కార్యక్రమాలను గూఢచర్యానికి వాడబోమని 2014లో అమెరికా ప్రభుత్వం మాట ఇవ్వవలసి వచ్చినది. అదే ఏడాది పాకిస్తాన్‌లో 300కు పైగా పిల్లలు పోలియో బారిన పడ్డారు. ప్రభుత్వాలు ఆడిన నాటకానికి మూల్యం చెల్లించినది పసివాళ్ల కాళ్లు.

దీనికి భిన్నమైన అనుభవం మన దేశంలోనే ఉన్నది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ వంటి జిల్లాల్లో ముస్లిం కుటుంబాలు ఒకప్పుడు పోలియో చుక్కలకు తలుపులు మూసుకున్నవి. అప్పుడు జామియా మిల్లియా, అలీగఢ్, జామియా హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయాల సాయం తీసుకున్నారు. ఉలమాలు తమ మసీదుల నుండి పిలుపునిచ్చారు. ఇరుగుపొరుగు స్త్రీలే ఇంటింటికీ వెళ్లి మాట్లాడారు. 2009లో దేశంలో 741 పోలియో కేసులు, 2010లో 42, 2011లో ఒకే ఒక్కటి. అది పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాకు చెందిన ఒక ముస్లిం పాప. ఆ తరువాత సహజ పోలియో కేసు దేశంలో నమోదు కాలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది. బలవంతం చేయలేని పనిని గౌరవం చేసి చూపినది.

మన హక్కుల గురించి న్యాయస్థానం చెప్పిన మాటలను కూడా గుర్తుంచుకోవాలి. హెచ్.పి.వి. టీకా వ్యవహారంపై వేసిన కల్పనా మెహతా కేసులో, పార్లమెంటు సంఘాల నివేదికలను కోర్టులు పరిశీలనలోకి తీసుకోవచ్చునని 2018 మే 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పినది. మన మన్యం బాలికల పేరుతో మొదలైన కేసు దేశమంతటి పౌరులకు ఒక దారి తెరిచినది. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకొనేలా చేయరాదనీ, దుష్ఫలితాల సమాచారం ప్రజలకు అందుబాటులో ఉంచాలనీ అదే కోర్టు చెప్పినది. ఔషధ పరీక్షలో గాయపడినా, మరణించినా పరిహారం చెల్లించాలన్న నిబంధనలు 2013లో వచ్చి, 2019 నిబంధనలలో మరింత వివరంగా రూపొందినవి.

ఇంత చెప్పినది టీకాను వద్దనడానికి కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు వలన మన దేశంలో ఏటా 70 వేలకు పైగా స్త్రీలు మరణిస్తున్నారని అంచనా. ముస్లిం దేశమైన మలేషియా 2010 నుండే బడుల్లో బాలికలకు ఈ టీకా ఇస్తున్నది. బంగ్లాదేశ్ 2023లో మొదలుపెట్టినది. 9 నుండి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని మన కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో చెప్పినది. మన అమ్మాయిలకు ఆ రక్షణ అందవలసినదే. అది వారికి చెప్పి, మనకు చెప్పి అందవలసినది.

అందుచేత ప్రభుత్వం ముందు ఈ కోర్కెలను ఉంచుదాము. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ఏ కొత్త టీకా వేసినా ముందుగా తల్లిదండ్రులను పిలిచి తెలుగులో, ఉర్దూలో, కోయ భాషలో వివరించాలి. వార్డెను సంతకం చాలదు. అది మామూలు టీకా కార్యక్రమమా, పరిశోధనా అన్నది పత్రంపై పెద్ద అక్షరాలతో ఉండాలి. టీకా తరువాత జ్వరమో మూర్ఛో వస్తే ఎవరికి చెప్పాలో, ఎక్కడికి తీసుకుపోవాలో ఆ పత్రంలోనే ఉండాలి. 2014లో మన మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. ఛత్తీస్‌గఢ్ నుండి వలస వచ్చిన కుటుంబాలు అడవిలో ఉన్నవి. రాష్ట్రం మారినందువలన ఏ పిల్లవాడి టీకా లెక్కా తప్పిపోకుండా చూడాలి.

మనం చేయవలసినదీ ఉన్నది. తల్లీబిడ్డల కార్డును రేషను కార్డుతో సమానంగా భద్రపరచండి. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఇంటికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, సందేహాలన్నీ అడగండి. ఫోనులో వచ్చిన వదంతిని పదిమందికి పంపే ముందు ఆమెనే అడగండి. మసీదు కమిటీలు టీకా రోజును ముందుగా ప్రకటించాలి. హజ్ యాత్రకు వెళ్లేవారు మెదడు పొరల వాపు (మెనింజైటిస్) టీకా లేనిదే సౌదీలో అడుగుపెట్టలేరు. ఆ నియమాన్ని మన పెద్దలందరూ సంతోషంగానే పాటిస్తున్నారు. పసిబిడ్డల విషయంలోనూ అంతే శ్రద్ధ చూపుదాము. గురుకులం నుండి ఏ కాగితం వచ్చినా చదివి, లేదా చదివించుకొని, అర్థమైన తరువాతనే సంతకం పెడదాము. చదవడం రాని ఇళ్లకు చదివి వినిపించడానికి మన యువకులు వారానికి ఒక పూట కేటాయించాలని కోరుతున్నాము.

మందు ఇవ్వడం, మాట చెప్పడం, జవాబు ఇవ్వడం, ఈ మూడూ కలిసినదే ప్రభుత్వ బాధ్యత. మొదటిది తీసుకుందాము, మిగిలిన రెండూ అడుగుదాము.