21 రోజులు జపం చేశాను, ఏం జరగలేదు… ఎందుకు?

 

ఈ ఎపిసోడ్‌లో మంత్ర జపం గురించి మాట్లాడుకుందాం. ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో వస్తూనే ఉంది. "రీల్‌లో చెప్పినట్టే 21 రోజులు, రోజుకి 108 సార్లు మంత్రం చదివాను. జాబ్ రాలేదు. నా ఉచ్చారణ తప్పా? మధ్యలో ఒక రోజు మిస్ అయ్యాను, దానివల్లనా? ఇప్పుడు నాకు ఏమైనా చెడు జరుగుతుందా?"

ఆ ఆఖరి ప్రశ్న ఉంది చూశారా, నన్ను ఆపింది అదే. ఈ అబ్బాయిలు, అమ్మాయిలు ఎవరో కాదు. కండ్లకోయ వైపు కాలేజీల్లో ఫైనల్ ఇయర్ చదువుతున్నవాళ్ళు, జీనోమ్ వ్యాలీలో నైట్ షిఫ్టు చేసి శామీర్‌పేట రూముకి వచ్చి పడుకునేవాళ్ళు, ప్లేస్‌మెంట్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. మనసు బాగోలేక దేవుడి పేరు పట్టుకున్నారు. 21 రోజుల తర్వాత వాళ్ళకి మిగిలింది పాత టెన్షన్, దాని మీద ఒక కొత్త భయం. ఇంత అన్యాయం ఇంకోటి ఉంటుందా చెప్పండి?

ముందు లెక్క చూద్దాం. 21 ఇంటూ 108, అంటే 2,268. సరేనా? ఇప్పుడు శాస్త్రం ఏమంటుందో చూడండి. కోరికతో చేసే జపం మన సంప్రదాయంలో లేదని నేను అనను. ఉంది, దాన్ని కామ్య జపం అంటారు. కానీ దానికి గురువు దగ్గర ఉపదేశం కావాలి, సంకల్పం, నియమాలు ఉంటాయి, ఆపైన పురశ్చరణ అని ఒక పెద్ద వ్యవహారం ఉంటుంది. మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షల జపం, అదీ అక్కడి సాధారణ లెక్క. శివ పంచాక్షరికి 5 లక్షలు, నారాయణ అష్టాక్షరికి 8 లక్షలు, గాయత్రికి 24 లక్షలు. రోజుకి వెయ్యి చొప్పున చేసినా గాయత్రికి ఆరున్నర ఏళ్ళు పడుతుంది. అది పూర్తయ్యాక అందులో పదో వంతు హోమం, దానిలో పదో వంతు తర్పణం, ఇలా ఇంకా ఉంటుంది.

ఇప్పుడు అర్థమైందా? రీల్ చేసినాయన శాస్త్రంలోంచి లెక్కని వదిలేశాడు, గురువుని వదిలేశాడు, నియమాన్ని వదిలేశాడు. "తప్పు చదివితే దోషం" అన్న ముక్క మాత్రం భద్రంగా తెచ్చుకున్నాడు. ఎందుకంటే మూడో వీడియోలో దోష నివారణ పూజకి ఫోన్ నంబర్ ఇవ్వాలి కదా. శాస్త్రం ప్రకారం వెళ్తే మొత్తం వెళ్ళండి. వెళ్ళలేకపోతే దాని భయం కూడా మీది కాదు, వదిలెయ్యండి.

"మరి మాలాంటి వాళ్ళు ఏం చదవాలి?" అంటారా? ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. బీజాక్షరాలున్న మంత్రాలు వేరు, భగవంతుడి నామం వేరు. హ్రీం, క్లీం లాంటి బీజాక్షరాలున్న మంత్రాన్ని గురువు చెవిలో చెప్తేనే తీసుకోవాలని సంప్రదాయం. ఆ మాటని నేను గౌరవిస్తాను. ఫోన్‌లో చూసి అలాంటివి మొదలుపెట్టొద్దనే చెప్తాను. నామానికి ఆ గేటు లేదు. రామ, కృష్ణ, గోవింద, శివ అనడానికి ఎవరినీ పర్మిషన్ అడగక్కర్లేదు. స్నానం చేయకపోయినా, పీరియడ్స్ టైమ్‌లోనైనా, ఏ కులమైనా నామస్మరణకి అడ్డు లేదని మన భక్తులు వందల ఏళ్ళుగా చెప్తూనే వచ్చారు. ఇంట్లో పూజగది పద్ధతులు ఎవరింటివి వాళ్ళవి, వాటి జోలికి నేను పోను. మనసులో నామానికి మాత్రం ఎవరూ తాళం వెయ్యలేరు.

మంత్రానికే తాళం తీసిన మహానుభావుడు ఒకాయన ఉన్నారు. మేడ్చల్‌లో ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ వైపు దిగితే ముచ్చింతల్‌లో 216 అడుగుల విగ్రహం కనిపిస్తుంది, 2022 ఫిబ్రవరి 5న ప్రధాని ఆవిష్కరించారు. మనలో చాలామంది వెళ్ళాం, సెల్ఫీలు కూడా దిగాం. ఆ రామానుజుల వారి కథ గురుపరంపరలో ఇలా చెప్తారు. అష్టాక్షరి రహస్యం కోసం ఆయన తిరుక్కోష్టియూరుకి ఒకటి కాదు రెండు కాదు, 18 సార్లు నడిచి వెళ్ళారు. చివరికి గురువు గోష్ఠీపూర్ణులు ఉపదేశించి, "ఇది ఎవరికైనా చెప్తే నరకానికి పోతావు" అన్నారు. ఈయన నేరుగా గుడి గోపురం ఎక్కి అందరికీ వినిపించేలా చెప్పేశారు. గురువు కోప్పడితే, "ఇంతమంది తరిస్తారంటే నేనొక్కణ్ణి నరకానికి పోయినా ఫరవాలేదు" అన్నారట. ఆ జవాబు విని గురువే ఆయన్ని కౌగిలించుకున్నారని చెప్తారు.

వెయ్యేళ్ళ కిందటి ఆ కథ విన్న మనం, ఇవాళ ఎవరో థంబ్‌నెయిల్‌లో "ఈ మంత్రం తప్పు చదివితే అంతే సంగతులు" అంటే వణికిపోతున్నాం.

సరే, ఇంకో లెక్క. త్యాగరాజస్వామి పేరు అందరికీ తెలుసు. 1767లో తిరువారూర్‌లో పుట్టారు, కావేరి ఒడ్డున తిరువయ్యారులో బతికారు. ఉన్నది తమిళ దేశంలో, పాడింది మన తెలుగులో. ఆయన 96 కోట్ల రామనామం చేశారని, దానికి 21 ఏళ్ళు పట్టిందని సంప్రదాయం చెప్తుంది. ఫోన్ కాలిక్యులేటర్ తియ్యండి. రోజుకి దాదాపు లక్షా పాతికవేలు. సెకనుకి రెండుసార్లు అన్నా రోజుకి 17 గంటలు దాటుతుంది. మరి ఆ మనిషి భోజనం ఎప్పుడు చేశాడు, ఉంఛవృత్తికి వీధుల్లో ఎప్పుడు తిరిగాడు, శిష్యులకి పాఠం ఎప్పుడు చెప్పాడు, అన్ని వందల కీర్తనలు ఎప్పుడు కట్టాడు? నాకు తోచేది ఒకటే. జపానికి ఒక టైమ్, మిగతా బతుకుకి ఒక టైమ్ అన్న గీత ఆయనకి చెరిగిపోయి ఉంటుంది. నడకలో నామం, పాటలో నామం, బియ్యం అడుక్కునేటప్పుడు నామం. సంఖ్య మీద మీకు నమ్మకం కుదరకపోయినా ఫరవాలేదు, ఆ గీత చెరిగిపోవడం చూడండి చాలు. ఆ కీర్తనల్లో "రామా, ఎందుకు పలకవు" అని ఎన్నిసార్లు అలిగాడో, ఎన్నిసార్లు దెప్పాడో! అంత నామం చేసినాయనకే రోజూ జవాబు రాలేదు మరి. 21 రోజులకే మనకి డెలివరీ కావాలంటే ఎట్లా?

ఇప్పుడు పనిలోకి దిగుదాం. జపం మూడు రకాలు. పైకి వినపడేలా చేస్తే వాచికం. పెదవులు కదిలి, పక్కవాడికి వినపడకపోతే ఉపాంశువు. పెదవి కూడా కదలకుండా లోపలే చేస్తే మానసికం. ఒకదానికంటే తర్వాతది గొప్పదని ధర్మశాస్త్రాల్లో ఉంది. కానీ కొత్తవాళ్ళు నేరుగా మానసికంలోకి దూకితే రెండు నిమిషాల్లో నిద్రొస్తుంది, లేకపోతే క్రికెట్ స్కోరు గుర్తొస్తుంది. గదిలో ఒక్కరే ఉంటే పైకే అనండి. 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్‌కి ఎంఎంటీఎస్ నడుస్తోంది కదా, అందులో కూర్చుంటే ఉపాంశువు చేసుకోండి. పక్కన వాళ్ళకి ఇబ్బంది ఉండదు, మీకు సిగ్గూ ఉండదు.

లెక్కకి యాప్ అక్కర్లేదు. కుడి చెయ్యి చాపండి, ఇప్పుడే నాతో చెయ్యండి. బొటనవేలితో ముట్టుకుంటూ వెళ్దాం. ఉంగరపు వేలు మధ్య కణుపు ఒకటి, కింద కణుపు రెండు. చిటికెన వేలు కింద మూడు, మధ్య నాలుగు, పైన అయిదు. ఉంగరపు వేలు పైన ఆరు, మధ్యవేలు పైన ఏడు. చూపుడు వేలు పైన ఎనిమిది, మధ్య తొమ్మిది, కింద పది. మధ్యవేలు మీద మిగిలిన రెండు కణుపులు మేరువు, వాటిని ముట్టుకోం. దీన్ని కరమాల అంటారు. ఒక్కో సంప్రదాయంలో వరస కొంచెం మారుతుంది. పదుల్ని ఎడమ చేత్తో లెక్కపెట్టుకోవచ్చు.

యాప్ వద్దని ఎందుకంటున్నానంటే, కౌంటర్ నొక్కడానికి ఫోన్ తీస్తారు, పైన వాట్సాప్ నోటిఫికేషన్ కనిపిస్తుంది, 43 దగ్గర జపం ఆగిపోతుంది. మీకు తెలియనిదేం కాదు.

"మరి హెడ్‌ఫోన్స్‌లో మంత్రం పెట్టుకుని వింటే?" మంచిదే, హాయిగా వినండి. అది శ్రవణం. జపం అంటే మాత్రం మీ నోరు, మీ మనసు పని చెయ్యాలి. ఇంకొకరు జిమ్ చేస్తుంటే చూసి మన కండ పెరగదు కదా.

"దీనివల్ల సైన్స్ ప్రకారం ఏమైనా ఉందా?" అని అడిగేవాళ్ళ కోసం ఒక్క మాట. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 23 మందితో క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో చెప్పించారు, "ఓం మణి పద్మే హుం" అన్న బౌద్ధ మంత్రమూ చెప్పించారు. రెండింట్లోనూ శ్వాస నిమిషానికి దాదాపు 6 సార్లకి నెమ్మదించింది, గుండె లయ కూడా దానితో కుదురుకుంది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాం. అంటే ఇంటర్వ్యూ ముందు రాత్రి నిద్రపట్టనప్పుడు జపం మీకు పనికొస్తుంది. ఇంటర్వ్యూలో ప్రశ్నకి జవాబు మాత్రం మీరే చెప్పాలి. డిప్రెషన్ లాంటిది ఉంటే డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళండి, నామం మిమ్మల్ని ఆపదు.

ఒక్కరే చేయలేకపోతున్నాం అనేవాళ్ళు మన ఊళ్ళ వైపు చూడండి. చలికాలంలో నల్లబట్టల అయ్యప్ప స్వాములు 41 రోజులు శరణఘోష చేస్తారు, హనుమాన్ దీక్ష వాళ్ళు కాషాయంలో కనిపిస్తారు. వాళ్ళలో ఎక్కువమంది మీ వయసు వాళ్ళే. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, చెప్పుల్లేని నడక, పదిమంది గొంతు కలిపితే వచ్చే ఊపు, ఇవన్నీ నామాన్ని మోస్తాయి. శామీర్‌పేట నుంచి కీసరగుట్ట దగ్గరే. ఆ గుట్ట మీద ఎక్కడ చూసినా శివలింగాలే. హనుమంతుడు కాశీ నుంచి తెచ్చేసరికి ఆలస్యమై, రాముడు అప్పటికే ప్రతిష్ఠ చేసేస్తే, అలిగి విసిరేసిన లింగాలని అక్కడ కథ. రామనామానికి మారుపేరైన హనుమంతుడే అలిగాడు చూడండి! శివరాత్రి జనం లేని మామూలు రోజు ఒక పొద్దున వెళ్ళి, అక్కడ అరగంట కూర్చుని "నమఃశివాయ" అనుకోండి.

ఇక ఆ మొదటి ప్రశ్నకి వద్దాం. ఒక రోజు మిస్ అయితే ఏమవుతుంది? ఏమీ కాదు. మర్నాడు చెయ్యండి. జపం మధ్యలో మనసు ఎక్కడికో పోతే? పోతుంది, అందరికీ పోతుంది. గుర్తొచ్చిన చోట నుంచి మళ్ళీ నామం అందుకోండి, లెక్క మొదటి నుంచి పెట్టక్కర్లేదు. 108 కుదరకపోతే పది కణుపులు, ఒక్క చుట్టు, పడుకునే ముందు. "మాకు దోషం పట్టింది" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు, ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి.

ఏ నామం తీసుకోవాలని అడిగారు కొందరు. చిన్నప్పుడు మీ నానమ్మో అమ్మమ్మో కుర్చీలోంచి లేస్తూ ఏ దేవుణ్ణి తలుచుకునేదో గుర్తు చేసుకోండి, అది తీసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో విష్ణు సహస్రనామం ఎలా మొదలుపెట్టాలో చెప్పుకుందాం. ఉంటాను, నమస్కారం.